పైన కోసిన డెబ్బై రెండు లైన్లు

2023 వేసవి. దోహాలో, మెసైమీర్ దగ్గర ఒక చిన్న స్టూడియోలో నేను వీడియో ఇంజినీరుని. పాత టేపుల్లోని దృశ్యాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. దీన్ని మేం క్యాప్చర్ అంటాం. ఆ ఏడాది ఇక్కడి బాస్కెట్‌బాల్ జట్టు ఒకదాని మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. క్లబ్బు గోదాములో ముప్పై ఏళ్ళుగా పడివున్న నలభై ఒక్క టేపులు మా దగ్గరికి వచ్చాయి. గడువు మూడు వారాలు.

పెట్టెలు తెచ్చింది మా కంపెనీ డ్రైవర్ ఖాజా భాయ్. జగిత్యాల మనిషి, అరవైకి దగ్గరపడ్డాడు. మామూలుగా సామాను దించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. ఆ రోజు కదల్లేదు.

"జర మెల్లగ పెట్టున్రి సార్. మా అన్న ఉన్నడు దీంట్ల."

"మీ అన్నయ్య ప్లేయరా?"

"ప్లేయరా!" పగలబడి నవ్వాడు. "సెంట్రింగ్ మేస్త్రీ సార్. ఆడేటోళ్ళు కింద, మేం మీద."

నిలబడే చెప్పుకొచ్చాడు. అన్న పేరు జహంగీర్. తమ్ముణ్ణి ఖతర్ తీసుకొచ్చింది ఆయనే. శుక్రవారం సెలవు. స్టేడియంలో టిక్కెట్టు లేదు, ఏసీ ఉంది. చల్లదనం కోసం వెళ్ళినవాళ్ళిద్దరికీ ఆ జట్టు పిచ్చి పట్టుకుంది. తలుపు పక్కన, అన్నిటికంటే పై మెట్టు వాళ్ళది. జహంగీర్ ఖాళీ పెయింట్ డబ్బా నడుముకు కట్టుకుని వాయించేవాడు. మోత పెరిగితే ఒక్కోసారి కెమెరా అటు తిరిగేది. మూడో ఏడు ఆయన గుండెపోటుతో పోయాడు. తమ్ముడు మాత్రం డ్యూటీ లేని రోజు ఏ మ్యాచ్‌నీ వదల్లేదు.

"ఏడో నంబరోడు మూలకెల్లి ఏసిండంటే బుట్టల పడుడే. మీకేం తెల్వది సార్, మీది క్రికెట్ ఖాందాన్."

నేను నవ్వి, తల ఊపి, టేపుల మీద నంబర్లు రాసుకోవడంలో పడ్డాను.

ఇక్కడ మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. వీడియో టేపు అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ, దాని మీద బొమ్మను మోసే గోధుమరంగు పూత. ఏసీ లేని గోదాములో ఇక్కడి ఉక్కకు ఆ పూత జిగురుగా మారుతుంది. అలాంటి టేపును సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెడతాం. దీన్ని బేకింగ్ అంటాం. ఆ తర్వాత అది ఒక్కసారి ఆడితే అదృష్టం. ఆడుతుండగానే పూత రాలిపోవచ్చు.

రెండోది ఫ్రేమ్. పాత టీవీ బొమ్మ దాదాపు చదరం, ఇప్పటి తెర వెడల్పు. 576 లైన్ల పాత బొమ్మతో వెడల్పు తెర నింపాలంటే పైన 72, కింద 72 లైన్లు కోయాలి. ఆ కోత ఎడిటింగ్‌లో చెయ్యాలి. క్యాప్చర్ మాత్రం పూర్తి ఫ్రేమ్‌తోనే జరగాలి. ఈ రంగంలో మొదటి నెలలోనే నేర్పే విషయం ఇది. నేను మాత్రం టేపుకీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే కన్వర్టర్‌లోనే జూమ్ ఆన్ చేసి, ఎక్కుతుండగానే కోసేశాను. టేపుకి ఒక దశ తగ్గుతుంది, గడువు కలిసొస్తుంది అనుకున్నాను.

పందొమ్మిదో టేపు ఒక్కసారి ఆడింది. ఆగేసరికి టేపును చదివే మెషిన్ హెడ్ల మీద గోధుమరంగు పొడి, రీలు మీద గాజులాంటి పట్టీ మిగిలాయి. ఫైలైతే వచ్చింది కదా అని సంతోషించాను.

రెండు నెలలకు డాక్యుమెంటరీ సిద్ధమైంది. ఒక మధ్యాహ్నం స్టూడియోలో మావాళ్ళ కోసం వేశారు. ఖాజా భాయ్‌ని నేనే పిలిచాను. ఇస్త్రీ చొక్కా మీద జట్టు నీలి మఫ్లర్ వేసుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద ఆటగాడు కనపడకముందే పేరు చెప్పేస్తున్నాడు. "యల్లా, యల్లా!" అంటూ ఎప్పుడో ముగిసిన మ్యాచ్‌లో ఆటగాళ్ళను తోలుతున్నాడు.

ఇంతలో డబ్బా మోత మొదలైంది. ఖాజా భాయ్ లేచి నిలబడ్డాడు.

కెమెరా మెట్ల మీదికి తిరిగింది. పై మెట్టు మీద వరసగా మనుషులు. ప్యాంట్లు, బెల్టులు, చొక్కా కింది బొత్తాలు. మధ్యలో పెయింట్ డబ్బా, దాని మీద రెండు చేతులు. అక్కడితో తెర అయిపోయింది. ఎవరికీ ముఖాలు లేవు.

"గవే చేతులు," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "సార్, జర మీదికి జరుపున్రి."

షో అయ్యాక ఎడిటింగ్ టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ దృశ్యం తెరిచి, ఆయన చూస్తుండగా బొమ్మను కిందికి లాగాను. పైన నలుపు వచ్చింది. ఇంకా లాగాను. ఇంకా నలుపు.

"లేదు భాయ్. నేనే కోసేశాను. పొరపాటు నాది."

"టేపు ఉండె గద?"

ఆ పందొమ్మిదో టేపు రీలు తెచ్చి చూపించాను. దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. పట్టీ గుండా అవతలి గోడ కనిపించింది.

"మాఫీ?"

"మాఫీ, భాయ్." ఏమీ మిగల్లేదని చెప్పడానికి ఇక్కడ అన్ని దేశాలవాళ్ళకూ ఆ ఒక్క మాటే.

"చేతులు నాకు యాదికున్నయి సార్. అన్న నవ్వుడే మర్చిపోతున్న. రూముల ఒక్కటే ఫొటో ఉన్నది, పాస్‌పోర్టుది. దాంట్ల నవ్వనియ్యరు గద."

తర్వాత పది రోజులు మిగిలిన టేపులన్నీ వెతికాను. ఆడగలిగినవి పూర్తి ఫ్రేమ్‌తో మళ్ళీ ఎక్కించాను. ఏ ఒక్కదానిలోనూ కెమెరా ఆ మెట్టు దాకా పోలేదు. ఆ మాట చెబితే "పరవాలె సార్" అన్నాడు. అక్టోబర్‌లో కొత్త సీజన్ మొదలైనప్పుడు మ్యాచ్‌కి వెళ్తున్నారా అని అడిగాను. డ్యూటీ ఉందన్నాడు. ఆ రోజు శుక్రవారం.

మా తనిఖీ పత్రంలో పన్నెండు గడులుంటాయి: రంగు, శబ్దం, వేగం, మచ్చలు, ఇలా. పందొమ్మిదో టేపు పన్నెండూ పాసయింది. పక్కన సంతకం నాది. ఇందులో ఎవరి కోసం చూడాలి అన్న గడి అందులో లేదు. ఇప్పుడు చేర్చాను, పదమూడోది. అది నింపాలంటే టేపు తెచ్చినవాళ్ళతో కూర్చుని, వాళ్ళు చెప్పేది రాసుకోవాలి. పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఆ రోజు కూడా నాకున్నాయి.