మిరుగం నాడు ఇంగువ

గాలి నా మీద ప్రత్యేకంగా కక్ష కట్టిందని అనను. మిరుగం రోజుల్లో మా పాలమూరు గాలి అందరినీ సమానంగానే చూస్తుంది. కాకపోతే మిగతావాళ్లు గట్టు మీద ఉంటారు. నేను ఆత్మకూరు దగ్గరి చెరువు నడుమ, కయాక్‌లో ఉన్నాను. కయాక్ అంటే ఒక మనిషి కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. ఆన్‌లైన్‌లో తెప్పించాను. చూసినవాళ్లలో చాలామంది దాన్ని పశువుల తొట్టి అనుకున్నారు. కొత్త తొట్టి ఎక్కడ దొరికిందని ఒకాయన అడిగాడు కూడా.

ఆ చెరువులో వల వేసే ఆయనకు నేనంటే మొదటి రోజు నుంచీ గిట్టదు. ఆయనది వెదురు పుట్టి, పెద్ద గంపలా గుండ్రంగా ఉంటుంది. చెరువులో చేపపిల్లలను వదిలింది వాళ్ల సంఘం. గట్టు మీద కూర్చుని గాలం వేసేవాళ్లను చూసీచూడనట్టు వదిలేస్తారు. నీళ్ల మీదికే వచ్చి గాలం వేసేవాడు మాత్రం, పిలవని పెళ్లికి వచ్చి నేరుగా వంటల దగ్గరికి నడిచినవాడితో సమానం.

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మా దిక్కు ఇంటింటా చేపల కూర ఉండాలి. తింటే వానాకాలం జబ్బులు రావని నమ్మకం. తినని ఇళ్లలో ఇంగువను బెల్లంలో పెట్టి మింగుతారు. వల వేసేవాళ్లకు ఏడాదికి అదొక్కటే పంట కోసే రోజు. నేను మా ఇంట్లో చేపలు కొనొద్దని, నా గాలానికి పడ్డదే తెస్తానని చెప్పి వచ్చాను. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను.

ఆ పొద్దున్నే ఆయన గట్టు మీద ఎదురయ్యాడు.

"సారూ, గా తుమ్మచెట్టు దిక్కు రాకు. వల దించిన. గీ ఒక్కనాటి కోసమే ఏడాదంత సూస్తం. గాలికి నీ తొట్టి ఆగది."

నేను తాడు కట్టిన లంగరు రాయి చూపించాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాననీ, బరువు, ఘర్షణల సంగతి నాకు కొంత తెలుసనీ మర్యాదగా చెప్పాను. ఆయన అంత మర్యాదగా వినలేదు. తాడు పడవకు ఎక్కడ కడతావని అడిగాడు. నా సీటు పక్కనున్న కొక్కెం చూపించాను. ముక్కుకు కట్టాలన్నాడు. అక్కడికి చెయ్యి అందదు కదా అన్నాను. ఆయన ఉమ్మేసి పోయాడు. వాదన నేనే గెలిచాననుకున్నాను.

వలకు గాలి వచ్చే దిక్కున, చాలా దూరంలోనే రాయి దించాను. ఎర గోధుమపిండి, పల్లిచెక్క పొడి, దంచిన వెల్లుల్లి, దిట్టంగా ఇంగువ. ఆ వాసనకు బొచ్చె, రవ్వ చేపలు వెతుక్కుంటూ వస్తాయంటారు. ఆ రోజు ఈగలు వచ్చాయి.

తర్వాత గాలి పెరిగింది. రాయి ముక్కుకు ఉంటే పడవ గాలికి ఎదురు తిరిగి అలను చీల్చుకుంటుంది. పక్కకు ఉంటే అడ్డంగా నిలబడి ప్రతి అలనూ ఒళ్లోకి తీసుకుంటుంది. ఈ పాఠం నాకు మూడో అలకు వంటబట్టింది. అడుగున రాయి ఈడ్చుకుపోతోంది, పైన నేను అడ్డంగా తుమ్మచెట్టు దిక్కే జరుగుతున్నాను. తెడ్డు వేస్తే, వేసినంతసేపూ ఉన్నచోటే ఉన్నాను. ఆపితే మళ్లీ జరిగాను. చివరికి ఒక్క కుదుపుతో ఆగాను. రాయి వెళ్లి వలలో చిక్కుకుంది. వల పైతాడుకు కట్టిన థర్మాకోల్ ముక్కలు మునిగాయి. నా పడవ ఆ పక్కకు ఒరిగి నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

గాలం దారం కోసుకునే కత్తి నా చేతిలో ఉంది. లంగరు తాడు లావు నైలాను, వల దారం సన్నం. పడవ అంచు దాకా లేచి వచ్చిన వల కత్తికి అందేంత దగ్గర. వల కళ్లు నాలుగు తెగితే రాయి వదులుతుంది. ఆ పైన అందులో పడ్డ చేపలూ వదులుతాయి. ఆ సంగతి ఆలోచించలేదని అబద్ధం చెప్పను.

పుట్టి తిప్పుకుంటూ ఆయన వచ్చాడు. నా కత్తి ఎటు చూస్తోందో చూశాడు.

"వల మీద కత్తి పెట్టినవంటె నువ్వు ఒడ్డుకు యెట్ల పోతవో నాకు తెల్వది. నీ తాడు కోస్కో."

"తాడు కోస్తే గాలికి కొట్టుకపోతనే అన్నా."

"పో."

కోశాను. ఆ కయాక్ అంత వేగంగా పోగలదని దాన్ని అమ్మినవాళ్లు కూడా చెప్పలేదు. అవతలి ఒడ్డున తుంగలో తేలాను. అక్కణ్నుంచి దాన్ని నెత్తిన పెట్టుకుని కట్ట చుట్టూ నడిచాను. గాలి పడవతో పాటు నన్నూ తిప్పింది. చేపల కోసం వచ్చిన జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆ రోజు నాకు అందిన సాయం అంతే.

అప్పటికి వల ఎత్తేశారు. ఎక్కడా చిరగలేదు. టార్పాలిన్ మీద చేపలు పోసి, అది గాలికి లేవకుండా ఒక మూల నా రాయి పెట్టారు. గుర్తుపట్టాను, అడగలేదు. వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి రెండు బొచ్చెలు మిగిలాయి. తూకం వేస్తున్న ఆయన భార్య నా మొహం వైపు కాక వెనకున్న మనిషి వైపు చూసి, ఎన్ని కావాలని అడిగింది. రెండు ఉన్నాయి కదమ్మా అన్నాను.

ఆయన వల దులుపుతూ తలెత్తకుండానే అన్నాడు. "గాలం ఉన్నోనికి వల చేపలెందుకు? చేతుల ఇంగువ వాసన వస్తుంది గద సారూ. బెల్లంల పెట్టుకొని మింగు."

వెనక అందరూ నవ్వారు. బొచ్చెలు రెండూ నా భుజం పక్కనుంచే వెళ్లిపోయాయి.

ఇంట్లో ఆ రోజు ఇంగువే. మా ఆవిడ నాకు మాత్రం ఉండలు రెండు ఎక్కువ చుట్టింది. ఆ వానాకాలం నాకు జలుబు కూడా చేయలేదు. ఈ మాట ఆయనకు చెప్పే ఉద్దేశం నాకు లేదు.