సేలంలో దక్షిణపు వాకిలి ఇల్లు

అక్టోబరు మొదటి శనివారం పొద్దున ఏడుంబావుకి న్యూజెర్సీలోని ఎడిసన్ స్టేషన్‌లో ట్రెంటన్ రైలు ఎక్కేటప్పటికి, నా ఫోన్‌లో పదకొండు పేజీల కాగితం ఒకటి సంతకం కోసం కాచుకుని ఉంది. పిస్కాటవేలో మేము చూసిన ముప్ఫై రెండో ఇంటి తాలూకు ఆఫర్, అంటే ఫలానా ధరకు కొంటామని రాసిచ్చే కాగితం అది. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు చివర ఒక్క సంతకం పెడితే చాలదు. ప్రతి పేజీ అడుగునా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తమ పొడి అక్షరాలు పెట్టాలి. మా ఆయన మురళి ముందు రోజే పదకొండు పేజీల్లోనూ తనవి పెట్టేశాడు. వాటి పక్కన నావి పెట్టాల్సిన పసుపు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. సాయంత్రం ఎనిమిది లోపల పంపకపోతే ఆ ఇల్లు ఇంకొకరిది.

ఇంటికి వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్క వాకిలి తప్ప. అది తిన్నగా దక్షిణానికి ఉంది.

"నేనైతే పెట్టిన. ఇగ నీ ఇష్టం," అన్నాడు మురళి నన్ను స్టేషన్‌లో దింపుతూ. "వద్దంటే వద్దను, నాకేం కోపం లేదు. గానీ ఇంకో ఇల్లు చూడనీకి మాత్రం నేను రాను. అపార్ట్‌మెంట్లనే ఉందాం."

మురళిది కరీంనగర్, మాది తెనాలి. కోపం లేదని చెప్పినప్పుడే అతనికి కోపం ఎక్కువగా ఉంటుందని పన్నెండేళ్ళ కాపురంలో నేర్చుకున్నాను.

నాకు ఈ దిక్కుల పిచ్చి పుట్టుకతో రాలేదు, నోవైలో పట్టుకుంది. మిషిగన్‌లో ఉన్నప్పుడు మేము అద్దెకున్న టౌన్‌హౌస్‌ది దక్షిణపు వాకిలి. ఆ ఇంట్లో ఉండగానే మురళికి కార్ల కంపెనీలో ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాళ్ళం కదా, కొత్త ఉద్యోగానికి అరవై రోజులు గడువు. యాభై నాలుగో రోజున న్యూజెర్సీలో దొరికింది. మోకాలి లోతు మంచులో సామాను ట్రక్కులోకి ఎక్కించుకుని వచ్చేశాం. ఆ యాభై నాలుగు రోజులూ పొద్దున లేచిన దగ్గరనుంచీ నేను ఆ తలుపు వంకే చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి కదా, నాకు ఆ తలుపు దొరికింది. అప్పటినుంచి ఫోన్‌లో దిక్సూచి లేకుండా ఏ ఇంటి గడపా తొక్కలేదు.

ఇలాంటి రోజున నేను ఊరు తిరగడానికి బయల్దేరడానికి కారణం పద్మ ఆంటీ. ఆమె రిటైరైన పెథాలజిస్టు. గుంటూరులో చదివి, ఇక్కడికి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. బ్రిటిషు పాలన నాటి ఇళ్ళు ఈ రాష్ట్రంలో ఎన్ని మిగిలాయో అన్నీ చూడాలని ఆమె పంతం. స్వీడన్, ఫిన్లాండ్ వాళ్ళు అంతకంటే ముందే వచ్చి కట్టుకున్న దుంగల ఇల్లు కూడా ఎప్పుడో చూసేశారు. హైవే మీద కారు నడపడం మానేశాక రైళ్ళూ బస్సులూ పట్టుకుని వెళుతున్నారు, తోడు ఎవరు దొరికితే వాళ్ళతో. "ఇంట్లో కూర్చుని ఆ ఫోన్ వంక చూస్తావు, అంతేగా? దాన్ని తీసుకునే నాతో రా," అన్నారు. ఆమె నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని, ట్రెంటన్ వచ్చేదాకా దారిలో కనపడిన ప్రతి పాత గోడౌన్‌నీ నాకు చూపించారు.

ఎనిమిదింటికి ట్రెంటన్‌లో దిగి, రోడ్డు దాటి, నది వెంట కామ్డెన్ దాకా వెళ్ళే చిన్న రైలు దగ్గరకు వెళ్ళాం. వెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. టికెట్ కొనుక్కుంటే సరిపోదు, ప్లాట్‌ఫామ్ మీద ఉన్న మిషన్‌లో దాని మీద టైము కొట్టించుకోవాలి. మేము కొట్టించకుండానే ఎక్కబోయాం. రాత్రి డ్యూటీ దిగి వెళుతున్న ఒక నర్సు మా టికెట్లు చూసి వెనక్కి పంపింది. "పరిగెత్తకండి, నేను తలుపులో నుంచుంటాను," అంది. అన్నట్టే నిలబడింది. ఆంటీ తీరిగ్గా నడిచి వచ్చారు.

ట్రెంటన్ దాటగానే కుడి వైపు డెలవేర్ నది కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. తొమ్మిదింటికి బర్లింగ్టన్‌లో దిగాం. ఆ ఊళ్ళో రైలు బజారు నడిమధ్యన, ఇళ్ళ గుమ్మాల ముందునుంచే నెమ్మదిగా పోతుంది. పదిహేడో శతాబ్దం చివర కట్టిన చిన్న ఇల్లు ఒకటి అక్కడ ఇంకా ఉంది. మనిషి వంగి వెళ్ళాల్సినంత చిన్న తలుపు. నేను అలవాటుగా ఫోన్ తీశాను.

"దాన్ని కొలిచి లాభం లేదమ్మాయ్," అన్నారు ఆంటీ. "ఆ ఇల్లు ముందు వేరే వీధిలో ఉండేది. తర్వాత ఎత్తి తెచ్చి ఇక్కడ పెట్టారు."

ఇంటిని ఎత్తి తెచ్చి ఇంకోచోట పెట్టేవాళ్ళకు వాస్తు ఎవరు చెప్పగలరు? ఫోన్ లోపల పెట్టేశాను. ఆ వీధుల్లో గంటసేపు తిరిగాం. ఇటుకల మీద ఇటుకలు, ఒక్కోటి చేత్తో అచ్చు పోసి కాల్చింది, ఏ రెండూ ఒక్కలా లేవు. ఇన్నేళ్ళుగా అద్దాల ఆఫీసులో మందుల రికార్డులు తనిఖీ చేస్తున్న నాకు, తేడాలున్న వస్తువు చూస్తే తప్పు పట్టాలనిపిస్తుంది. ఆ గోడలకు మాత్రం చెయ్యి ఆనించి నిలబడాలనిపించింది. నది ఒడ్డున బెంచీ మీద ఆంటీ తెచ్చిన ఇడ్లీలు, కారప్పొడి తిన్నాం. సేలంలో తిండి వెతుక్కునే తీరిక ఉండదు, మీరూ ఏదైనా పట్టుకెళ్ళండి.

పదకొండు దాటాక మళ్ళీ అదే రైలెక్కి కామ్డెన్‌లో దిగి, అక్కడినుంచి బస్సెక్కాం. సేలం అంటే మన పక్క తమిళనాడులోది కాదు, న్యూజెర్సీకి నైరుతి మూలన, నది సముద్రంలో కలవబోయే చోట ఉన్న పాత ఊరు. గంటన్నర ప్రయాణం. ఊళ్ళు పలచబడి, సోయా చేలు, తర్వాత రెల్లు పెరిగిన చిత్తడి నేలలు వచ్చాయి. "తిరుగు బస్సు నాలుగూ పదికి. తప్పితే చాలాసేపు కూర్చోవాలి," అని డ్రైవర్ మమ్మల్ని దింపుతూ రెండుసార్లు చెప్పాడు.

మేము చూడబోయే ఇల్లు ఊరి బయట అయిదారు మైళ్ళ దూరం. దాన్ని చూసుకునే రస్సెల్ అనే ముసలాయనకు ఆంటీ ముందే ఉత్తరం రాసి పెట్టుకున్నారు. ఆయన తన ట్రక్కులో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఒకప్పుడు గాజు ఫ్యాక్టరీలో పనిచేశాడట, ఇప్పుడు వారానికోసారి వచ్చి ఆ ఇంటి తాళాలు తీసి చూపిస్తాడు, జీతం లేదు.

ట్రక్కు ఆగింది. రోడ్డు పక్కనే రెండంతస్తుల ఇటుక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. మూడు వందల ఏళ్ళకు అటూ ఇటూగా అక్కడే ఉందంటే నమ్మబుద్ధి కాలేదు, అంత నిటారుగా ఉంది. నేను తలుపుకు వీపు పెట్టి నిలబడి ఫోన్ పట్టుకున్నాను. సూది ముందుకే తిరిగింది.

"చూశారా ఆంటీ, ఉత్తరం వాకిలి. కుబేరుడి దిక్కు," అన్నాను. గొంతులో గెలిచినంత సంతోషం నాకే వినపడింది. "ఊరికే నిలబడుతుందా ఇన్నేళ్ళు?"

నేనేం చేస్తున్నానో రస్సెల్‌కు అర్థం కాలేదు. మావాళ్ళు ఇంటి తలుపు ఏ దిక్కుకు ఉందో చూస్తారని, కొన్ని మంచివి, కొన్ని కావని, దక్షిణం అసలు పనికిరాదని ఆంటీ ఇంగ్లీషులో చెప్పారు. ఆయన మర్యాదగా అంతా విన్నాడు.

"మంచి పద్ధతే," అన్నాడు. "కానీ మీరు నిలబడింది ఇంటి వెనక."

మమ్మల్ని ఇల్లు చుట్టి అవతలకు తీసుకెళ్ళాడు. అక్కడ ఉంది అసలు వాకిలి. వెడల్పాటి రాతి మెట్టు, పెద్ద తలుపు, అటూ ఇటూ కిటికీలు, ఎదురుగా పొలం, దాని చివర వాగు. ఎండంతా గోడ మీదే పడుతోంది. ఇల్లు కట్టినప్పుడు ఈ రోడ్డే లేదట, రాకపోకలన్నీ వాగు మీద పడవల్లోనే. రోడ్డు తర్వాత వెనకనుంచి వచ్చింది.

"వాళ్ళు కూడా దిక్కు చూసే కట్టారు," అన్నాడు రస్సెల్. "చలికాలం ఎండ ఎటునుంచి వస్తుందో అటు. ఈ చుట్టుపక్కల ఆ కాలపు ఇళ్ళు చాలావాటి ముఖం దక్షిణానికే."

నేను దిక్సూచి తీయలేదు. తీయాల్సిన పని లేకుండా సూర్యుడే కళ్ళల్లో పడుతున్నాడు. రోడ్డు వైపున్నదే వాకిలి అనుకోవడం మా కాలనీల అలవాటు. ఆ సిగ్గు దాచుకోవడానికి పక్క గోడ వైపు నడిచాను. అది మంచిదే అయింది, ఎందుకంటే మేము అంత దూరం వెళ్ళింది ఆ గోడ కోసమే.

ఆ గోడ నేలనుంచి కప్పు కొస దాకా ఎర్ర ఇటుక. అందులో నీలి బూడిద రంగు ఇటుకలు మెట్లు మెట్లుగా పైకి పాకి ముగ్గు వేసినట్టు కలుసుకున్నాయి. రంగు పూసింది కాదు. బట్టీలో నిప్పుకు దగ్గరగా ఉన్న ఇటుకల అంచు కాలి గాజులా మెరుస్తుందట. మేస్త్రి వాటిని ఏరి పక్కన పెట్టుకుని, ఆ మెరిసే కొస బయటికి వచ్చేట్టు లెక్కపెట్టి పేర్చాడు. ఎక్కువ కాలిందని పారేయాల్సిన ఇటుకలతో అంత అందం చేశాడు. పైన, కప్పు కింద, అవే ఇటుకలతో మూడు ఇంగ్లీషు అక్షరాలు. పైన బి, దాని కింద డి, ఏ.

"పైది ఇంటిపేరు," అన్నాడు రస్సెల్. "కింద మొగుడిది ఒకటి, పెళ్ళానిది ఒకటి. ఇక్కడ అలాగే రాసుకునేవాళ్ళు."

ఆ కాలంలో ఆడదాని పేరున ఏ కాగితం ఉండి ఉంటుంది? గోడ మీద మాత్రం ఆమె అక్షరం అతని అక్షరం పక్కనే, అంతే ఎత్తున ఉంది. మెడ నొప్పెట్టేదాకా చూశాను. నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఆంటీ చూసీ చూడనట్టు తన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

లోపల జానెడు మించి వెడల్పున్న చెక్కల నేల, మనిషి నిలబడగలిగే పొయ్యి, దాని పక్కన గోడలో ఇరుకు మెట్లు. అవి ఎక్కుతుంటే మధ్యలో అరిగిన గుంట పాదానికి తెలిసింది. తెరిచిన దక్షిణపు వాకిట్లోంచి ఎండ సగం గది దాకా వచ్చి పడింది. అడగనా వద్దా అనుకుంటూనే అడిగేశాను. "ఈ ఇంట్లో ఉన్నవాళ్ళు బాగుపడ్డారా?"

రస్సెల్ పొయ్యి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. "గోడ మీద అక్షరం ఉందే, ఆమె ఈ గదిలోనే ఏడుగురిని కంది. ముగ్గురు చిన్నప్పుడే పోయారు. ఒక కొడుకు మంచి పేరు తెచ్చుకున్నాడు. ఒక మనవడు పొలమంతా పోగొట్టుకున్నాడు. ఒకసారి కప్పు కాలింది, మళ్ళీ వేసుకున్నారు. ఇక్కడ పెళ్ళిళ్ళు బోలెడు జరిగాయి. మా అమ్మమ్మ ఇక్కడ అద్దెకుండి ఎనిమిదేళ్ళు ఆవులను పెంచింది, ఆ రోజులే బాగున్నాయనేది. మీరడిగినదానికి ఇది జవాబో కాదో నాకు తెలియదు."

నాలుగింటికి ఆయన మమ్మల్ని బస్సు స్టాపులో దింపాడు. బెంచీ మీద కూర్చున్నాక ఆంటీతో నోవై సంగతంతా చెప్పాను. ఆ యాభై నాలుగు రోజులు, ఆ తలుపు, అన్నీ. అంతకుముందు మురళికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"నలభై ఏళ్ళు మైక్రోస్కోపులో చూశానమ్మాయ్," అన్నారు ఆంటీ. "జబ్బుకి కారణం దొరికితే రాసేదాన్ని. దొరక్కపోతే, తెలియలేదని రాసేదాన్ని. ఆ రెండో మాట రాయడానికి చెయ్యి వచ్చేది కాదు మొదట్లో. కానీ పక్కన కనపడింది కదా అని ఏ కణం మీదా నేరం మోపలేదు. నీ మొగుడి ఉద్యోగం ఎందుకు పోయిందో నీకు తెలుసా?"

"కంపెనీలో ఆ డిపార్ట్‌మెంటే తీసేశారు. మూడు వందల మంది పోయారు."

"ఆ మూడు వందల మందివీ దక్షిణపు వాకిళ్ళేనా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతోనే భయం పోయిందని అనను, అది అంత తేలిగ్గా పోయే రకం కాదు. అందరి సంగతీ నేను మాట్లాడలేను, ఎవరి నమ్మకం వాళ్ళది. నాది మాత్రం నమ్మకం కాదని, నోవైలో మిగిలిపోయిన దిగులని, ఆ బెంచీ మీద తెలిసింది.

బస్సు వేళకే వచ్చింది. కామ్డెన్‌లో చిన్న రైలెక్కి, ఈసారి టికెట్లు ముందే కొట్టించుకుని, ఆరూ నలభై అయిదుకి ట్రెంటన్ చేరాం. ఏడింటి రైల్లో ఆంటీ కూర్చున్న వెంటనే నిద్రపోయారు. ఒక్క రోజులో ఇంత దూరం తిరగవచ్చు, కాళ్ళు గట్టిగా ఉంటే. మ్యూజియంలో అద్దం వెనక పెట్టిన వస్తువులు చాలా చూశాను. ఎండకు ఎండి, వానకు తడిసి, మనుషుల మంచిచెడ్డలన్నీ చూసి కూడా అక్కడే నిలబడ్డ ఇల్లు చూడటం మాత్రం వేరు. వీలైతే ఎండ ఉన్న రోజున వెళ్ళండి.

ప్రిన్స్‌టన్ జంక్షన్ దాటాక ఫోన్‌లో ఆ కాగితం తెరిచాను. మొదటి పేజీ అడుగున మురళి అక్షరాలు, పక్కన పసుపు గడి. వేలితో నావి పెట్టాను. రెండో పేజీ, మూడో పేజీ. ఏడో పేజీ దగ్గర వేలు ఒకసారి ఆగింది. గోడ మీది 'ఏ' అక్షరం గుర్తొచ్చింది. ఆ అక్షరం ఎవరిదో ఆ పిల్ల, గోడ లేస్తున్నప్పుడు కింద నిలబడి చూసి ఉంటుంది, ముందు ఏం రాబోతోందో దానికి మాత్రం తెలుసా? పదకొండో పేజీ అయ్యాక పంపించాను. ఏడూ ఇరవై ఆరు.

ఎడిసన్‌లో మురళి ప్లాట్‌ఫామ్ మీదికే వచ్చి నిలబడ్డాడు. ఆంటీ చేతిలో సంచీ అందుకున్నాడు. ఇల్లు మాకే వస్తుందో రాదో అప్పటికింకా తెలియదు. కారు దగ్గరకు వెళ్ళాక, తలుపు తీస్తూ అడిగాడు.

"ఏమన్నది నీ కంపాస్?"

"చలికాలం ఎండ బాగా వస్తుందంది," అన్నాను.