పదిహేను కిలోల్లో ఒడిబియ్యం

మా అక్క సూట్‌కేసును కొక్కేనికి తగిలించి ఎత్తి పట్టుకున్నాను. పదిహేడున్నర చూపించింది. పదిహేనుకు మించకూడదు.

ఆ కొక్కెం కాంటా, మట్టెవాడలో మా ఇంటి పక్కనున్న మిర్చి దుకాణం నుంచి అడిగి తెచ్చింది. దానికి పట్టిన ఘాటుకు ముక్కు మండి, ఎత్తినప్పుడల్లా నాకు తుమ్ము వచ్చేది. నేను తుమ్మినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోంచి "జర ఆగున్రి, తుమ్ము వడ్డది" అనేది. నేను ఆగేవాణ్ణి కాదు. తుమ్ముకు కారణం మిర్చి అని తెలిశాక కూడా ఆగడం ఎందుకు?

అక్క రిటైరైన నర్సు. వర్ధన్నపేటలో ఉంటుంది. బావ పోయి చాలా ఏళ్లయింది. తనతో కలిసి పనిచేసిన ఇద్దరు స్నేహితురాళ్లతో లక్షద్వీపాలకు ఓడ ప్రయాణం పెట్టుకుంది. హైదరాబాదు నుంచి ముంబై దాకా విమానం, అక్కడ ఓడ ఎక్కడం. ఓడవాళ్లు బరువు గురించి ఏమీ అనలేదు. విమానం వాళ్లే మనిషికి పదిహేను కిలోలన్నారు. తెల్లారి ప్రయాణమని అక్క పెట్టెతో సహా మా ఇంటికి వచ్చింది.

"కాంటా ఖరాబున్నట్టున్నది తమ్మీ" అంది.

"కాంటా మంచిగనే ఉన్నది. నీ పెట్టెనే తిన్నది అరుగక కూసున్నది."

తెరిచి చూశాం. పైన ఇస్త్రీ పెట్టె. ఓడలో అలాంటివి తేవద్దన్నారు, తీశాను. దాని కింద సకినాల డబ్బా, చింతకాయ తొక్కు. ఇంట్లో వండినవి కూడా వద్దన్నారు.

"గవి నాకు కాదురా, ఆళ్లిద్దరికి."

"ఆళ్లకు వచ్చినంక పెట్టు."

తర్వాత బీపీ మిషను, గ్లూకోజు పొట్లాలు, కట్టుగుడ్డల చుట్టలు బయటపడ్డాయి. ఒక చిన్న దవాఖానాయే అందులో ఉంది.

"ఓడల డాక్టరుంటడక్కా."

"డాక్టరుంటడు సరే. నర్సులు ఉండద్దా?"

బీపీ మిషను ఉంచి తక్కినవి తీయించాను. పెట్టె అడుగున నా కొత్త వ్యాసాల పుస్తకం ఉంది. ముగ్గురు నర్సులు, ఎటు చూసినా నీళ్లు, చేయడానికి పనేమీ లేదు. మూఢనమ్మకాల మీద నాలుగు వ్యాసాలు చదువుతారు కదా అని పొద్దున నేనే పెట్టాను. దాన్ని కదిలించలేదు. మళ్లీ తూచాను. పదిహేనుకు కాస్త తక్కువే ఉంది. వాదించడానికి వీల్లేని మాట ఈ లోకంలో ఒక్క కాంటా మాత్రమే చెబుతుందని నాకు మొదటినుంచీ గౌరవం.

అప్పుడు మా ఆవిడ ఇత్తడి పళ్లెంతో వచ్చింది. అందులో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, ఒక రవికె గుడ్డ ఉన్నాయి. చంకన కొత్త చీర.

మా వైపు ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి ఒడిబియ్యం పోస్తారు. అన్నదమ్ములు చీర పెడతారు, వాళ్ల భార్యలు ఆమె కొంగులో బియ్యం పోసి సాగనంపుతారు. ఆమె ఆ బియ్యం తన ఇంట్లో వండి నలుగురికీ పెడుతుంది. భర్త పోయినవాళ్లకు పోయరు. మా ఆవిడకు పరకాల నుంచి వాళ్లన్న వచ్చి ఇప్పటికీ పోసి పోతాడు. అక్కకు బావతోనే ఆగిపోయింది.

"ఇదేంది?" అన్నాను.

"వదినె సముద్రం మీద పోతాంది. ఉత్త ఒడితోటి ఎట్ల పంపుతం?"

"సముద్రానికి ఒడి నిండిందో లేదో తెలుస్తదా?"

అక్క ఒక చీర మడత పెడుతోంది. మడిచిన చీరనే విప్పి మళ్లీ మడిచింది. పళ్లెం వైపు చూడలేదు.

"సముద్రానికి తెల్వకుంటే తెల్వకపాయె. నాకు తెలుస్తది" అంది అక్క.

నేను ఊరుకునే రకం కాదు. ఒడిబియ్యం అంటే ఆడదాని విలువను మొగుడి ప్రాణంతో తూచే కాంటా అనీ, అలాంటి ఆచారం మొత్తంగా పోవాలనీ ఎన్నో సభల్లో చెప్పిందే మళ్లీ మొదలుపెట్టాను. అక్క చీర పక్కన పెట్టింది.

"ఔ తమ్మీ, బంద్ గావాలె అని రాస్తివి. నీ మాట ఈ ఇంట్ల ఎవరి మీద నడిచింది? నీ పెండ్లానికి బంద్ కాలే. నాకొక్కదానికే బందయింది. అదిగూడ నువ్వు రాసినందుకు గాదు, మీ బావ సచ్చినందుకు."

మా ఆవిడ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె వేళ్లు పసుపుగా ఉన్నాయి.

వాదంలో ఎదుటివాడి మాట నిలబడితే ఒప్పుకోవాలని నాకు పెద్దలు నేర్పారు. అక్క మాట నిలబడింది. ఆచారానికి కారణం లేదు, నిజమే. ఆ ఆచారం నుంచి ఒక్క మనిషిని వెలివేయడానికి అసలే కారణం లేదు. వదులుకోమని ఉన్నవాళ్లకు చెప్పాలి గాని, ఎవరి నుంచి లాక్కున్నారో వాళ్లకు చెప్పి అది సంస్కరణ అనుకుంటే అన్యాయానికి వంత పాడటమే. ఒడి నిండినంత మాత్రాన ఓడ భద్రంగా వెళ్తుందని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ అక్క అడుగుతున్నది ఓడ భద్రత కాదు. ఈ ఇంటి ఆడబిడ్డను అవునా కాదా అని అడుగుతోంది.

"సరే, బియ్యం పొయ్యి" అన్నాను మా ఆవిడతో. "కని కుడుకలు పెట్టెల పెట్టద్దు. విమానంల ఎండు కొబ్బరి తేనియ్యరు. నూనె ఉంటది, అంటుకుంటదని."

"కుడుక అంటుకునుడేంది? మీరే కథ జేస్తాండ్రు."

ఫోన్లో విమానం వాళ్ల నియమం తీసి చూపించాను. మా ఆవిడ చదువుతుంటే అక్క నవ్వింది.

"ఇన్నేండ్లు కులపోళ్లు కుడుక పట్టద్దనిరి. ఇప్పుడు విమానపోడు గూడ అనవట్టె."

అక్కకు మోకాళ్ల నొప్పి, పీట మీద కూర్చోలేదు. కుర్చీలోనే కూర్చుని కొత్త చీర భుజాన వేసుకుని కొంగు పట్టింది. మా ఆవిడ దోసిళ్లతో పోసింది. తర్వాత పళ్లెం నా ముందుకు జరిపి, "మీరు గూడ" అంది. పోశాను. పసుపు నా చేతులకూ అంటింది. అక్క తల వంచి బియ్యాన్నే చూస్తూ ఉండిపోయింది.

పోసిన దాంట్లోంచి కొన్ని పిడికిళ్లు పుట్టింటికే తిరిగి ఇవ్వడం పద్ధతి. అక్క ఇవ్వడం మొదలుపెట్టి ఆపలేదు. పిడికిలి తర్వాత పిడికిలి పళ్లెంలోకి తిరిగి వచ్చింది. కుడుకలు కూడా వచ్చాయి.

"అన్నీ ఇస్తానవేంది వదినె?"

"ఇంత మోసుకపోతే నీ మొగడు కాంటా పట్టుకొని ఎయిర్‌పోర్టు దాక వస్తడు."

చివరికి మిగిలిన బియ్యాన్ని రవికె గుడ్డలో మూట కట్టింది. దాన్ని పెట్టి తూచితే పదిహేను దాటింది. కొంచెమే, కానీ దాటింది. వండిన తిండి తేవద్దన్నారు గాని వండని బియ్యం మాట ఓడవాళ్లు ఎక్కడా రాయలేదు. ఆ వంకతో అడ్డు చెప్పే వీలు నాకు లేదు. ఏం తీద్దామని చూస్తుంటే అక్క పెట్టె అడుగుకు చెయ్యి పోనిచ్చి నా పుస్తకం బయటికి లాగింది.

"ఇది సదివితే మంచిగ నిద్రవడతది తమ్మీ. కని ఓడ ఊగితే నిద్ర అదే వస్తదట."

తూచాను. సరిగ్గా పదిహేను. తుమ్మాను. ఈసారి మా ఆవిడ ఏమీ అనలేదు.

అక్క తిరిగి వచ్చాక వర్ధన్నపేటలో ఆ మూట విప్పి మరికొన్ని బియ్యం కలిపి వండింది. ఓడలో వెంట వెళ్లిన ఇద్దరినీ, మా ఇద్దరినీ పిలిచింది. వాళ్లిద్దరూ క్రైస్తవులు, తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. మా ఆవిడ మొదటి ముద్ద కళ్లకద్దుకుంది. నేను తిన్నాను. వాళ్లకు పెట్టాల్సిన చింతకాయ తొక్కు కూడా ఆ రోజు విస్తళ్లలోకి వచ్చింది.

"ఎట్లున్నది?" అని అక్క అడిగింది.

"జర మెత్తగయింది."

"సముద్రం గాలి తాకింది గద" అంటూ ఇంకో గరిటె వేసింది. "నీ పుస్తకం తెచ్చినవా? తెస్తే ఇటియ్యి. ఈడ బరువు జూసెటోడు ఎవడు లేడు."

తెచ్చాను. సంచిలోంచి తీసి ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని తీసుకుంది.