మేనేజరమ్మకు పెట్టిన పట్టుచీర

మా నాయనను అబద్ధాలకోరు అనడానికి కూడా లేదు. అబద్ధాలకోరుకు తాను చెప్పేది అబద్ధమని తెలిసి ఉంటుంది. మా నాయనకు ఆ బాధ లేదు.

మొన్న వేసవిలో అమ్మ, నాయన, నేను ముగ్గురం ఐర్లండు నుంచి సెలవు మీద ఊరికి వచ్చాం. తనకల్లు పక్కనే మా ఊరు. చిన్నాయన కొత్తింటి గృహప్రవేశం. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకొని కూర్చుని నాయన మా అమ్మ ఉద్యోగం కథ మొదలుపెట్టాడు.

"మా ఆడమనిషి ఉద్యోగం పర్మినెంటు చేయకుండా ఆపి పెట్టినారప్పా. ఆమె ఒకటే ఏడుపు. నేను పోయినా. మేనేజరమ్మను చూసినా. శాలువా కప్పి, ధర్మవరం పట్టుచీర పెట్టి, ఒక్క మాట చెప్పినా. అంతే. పనైపాయ."

చుట్టూ కూర్చున్న పదిమందీ తలలూపారు. "యాడికి పోయినా అన్న అన్ననేప్పా" అన్నాడొకడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఊళ్ళో వినేవాళ్ళు ఆ లోకువతనాన్ని కుర్చీ లాక్కొని మరీ కోరుకుంటారు. అసలు జరిగింది నేను చెబుతాను. ఆ రోజు నేను నాయన పక్కనే ఉన్నాను.

ఊరు విడిచి పోకముందు మా నాయన ఏం పని చేసేవాడని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. పద్నాలుగు ఎకరాల మెట్ట ఉండేది. ఏటా శెనక్కాయ వేసేవాళ్ళు, ఏటా ఎండేది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్ళు చూసేవాడొకడు వచ్చి, కాయ లేచి నిలబడిన చోట బోరు వేయమనేవాడు. ఆరు బోర్లు వేస్తే ఆరింటిలోనూ దుమ్మే లేచింది. అయినా నాయనను రైతు అంటే నిజంగా చేనులో వంగిన వాళ్ళను అవమానించినట్లే. ఆయన అసలు పని తెల్ల చొక్కా వేసుకొని, మోటారు సైకిలెక్కి కదిరికి పోయి, ఎవరి పనో ఎవరితోనో చెప్పి చేయించడం. ఏ ఆఫీసుకు కొత్త అధికారి వచ్చినా మొదటి రోజే పోయి చేతిలో నిమ్మకాయ పెట్టి, శాలువా కప్పి వచ్చేవాడు. ఆ శాలువాలు కొన్నవి కావు. ఒక సభలో తనకు కప్పింది తెచ్చి ఇంకొకరికి కప్పేవాడు. మా మండలంలో కొన్ని శాలువాలు ఆఫీసు జీపుల కంటే ఎక్కువ తిరిగాయి.

ఇల్లు నడిచింది అమ్మ జీతంతో. కదిరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె నర్సు. పొద్దున ఆరున్నర బస్సుకు పోయి, సాయంత్రం వచ్చి, నాలుగు రోజులకొకసారి వచ్చే కొళాయి నీళ్ళు డ్రమ్ములకు పట్టి, సంగటి కెలికి, మాకు పెట్టి, తాను తినేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే మా ఇల్లే. ఆమే ఇంగ్లీషు పరీక్షకు కట్టి, రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కి, ఐర్లండులో ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోములో ఉద్యోగం సంపాదించింది. పరీక్షకు కూర్చోబెట్టి చదివించింది నేను. నాయన మాత్రం ఊరంతా "మా ఆడమనిషిని ఫారిన్ పంపిస్తాండా" అని చెప్పుకున్నాడు, తానే భుజాన మోసుకొనిపోయి దించి వచ్చేటట్లు.

ప్రయాణానికి అమ్మ పెట్టెలో రాగిపిండి, శెనక్కాయల పొడి, తనవీ నావీ స్వెట్టర్లు సర్దింది. నాయన పెట్టె తెరిస్తే నాలుగు శాలువాలు. "ఎందుకైనా పనికొస్తాయిలే" అన్నాడు.

అక్కడ అమ్మకు పని ఉంది, నాకు బడి ఉంది. ఏమీ లేనిది నాయనకే. చేసుకోలేక కాదు, చేసుకోడు. గోదాములో పెట్టెలు సర్దే పని దొరికితే మూడు వారాలు పోయి మానుకున్నాడు. కారణం, ఇరవై ఐదేళ్ళ సూపర్‌వైజరు పేరు పెట్టి పిలిచాడట. "పిల్లనాకొడుకు, నన్ను పేరు పెట్టి పిలుస్తాడా?" అని వారం పాటు మండిపడ్డాడు. తర్వాత తెల్ల చొక్కా మీద కోటు వేసుకొని కిటికీ దగ్గర కూర్చునేవాడు. బయట వాన. జీవితమంతా వాన కోసం ఆకాశం చూసిన మనిషి, తీరా వాన ఎదురుగా కురుస్తుంటే, "ఇదేం వానప్పా, ఉరుము లేదు, మెరుపు లేదు, ముసలమ్మ ఏడ్చినట్ల" అని దానికీ వంక పెట్టాడు. అంత వానలోనూ మొదటి నెలంతా బక్కెట్లు నింపి పెట్టమని అమ్మను సతాయించాడు, రేపు కొళాయి రాదేమోనని. నింపింది అమ్మే, తరువాత పారబోసింది కూడా అమ్మే. పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చిన మనిషిని "ఏమే, ఒక లోటా నీళ్ళియ్యి" అనేవాడు. కొళాయి ఆయన మోచేతికి తగిలేంత దగ్గరలో ఉండేది.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆయనంటే ఒళ్ళు మండేది. ఇప్పుడు కూడా మండుతుంది, అప్పటంత కాదు.

అమ్మకు ఆర్నెల్ల ప్రొబేషను. అది నిలబడితే ఉద్యోగం ఖాయం, మా వీసాలు ఖాయం. నిలబడకపోతే ముగ్గురం మళ్ళీ ఎండిన బోర్ల దగ్గరికే. ఐదో నెలలో మేనేజరమ్మ అమ్మను పిలిచి, పని బాగా చేస్తున్నావు కానీ రిపోర్టులు రాయడం నిదానం, వచ్చే మంగళవారం కూర్చుని మాట్లాడదాం అందట. అమ్మకు రెండు రోజులు అన్నం దిగలేదు. నేను పక్కన కూర్చుని రిపోర్టులు రాయించాను. నాయన మాత్రం తేలికగా, "దీనికింత రాద్ధాంతమా? మనిషిని చూడాల. చూస్తే సరిపోతాది" అన్నాడు. మేమెవరమూ పట్టించుకోలేదు. ఆయన మాటలను అప్పటికే వాన చప్పుడులా వినడం అలవాటు చేసుకున్నాం.

ఆ శనివారం నన్ను బయలుదేరమన్నాడు. అమ్మ డ్యూటీలో ఉంది. ఎక్కడికని అడిగితే, "నువ్వు రా పాపా, ఇంగ్లీషు మాట్లాడేది ఉండాది" అన్నాడు. ఆయన చేతిలో సంచి. బస్సులో తొంగి చూస్తే శాలువా, నిమ్మకాయ, దాని కింద అమ్మ పట్టుచీర. వంకాయ రంగు, చిలకపచ్చ అంచు. కదిరి ఆసుపత్రిలో చివరి జీతం అందిన రోజు అమ్మ ధర్మవరం పోయి, మగ్గం ఉన్న ఇంట్లోనే కొన్న చీర అది. ప్రొబేషను అయిపోయిన రోజు కట్టుకుంటానని మడత విప్పకుండా దాచుకుంది. "అమ్మకు చెప్పినావా?" అన్నాను. "దానికేం తెలుసు? గమ్మునుండు" అన్నాడు.

నర్సింగ్ హోము హాల్లో పదిహేను మంది ముసలివాళ్ళు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. ఆ చివర అమ్మ ఒక పెద్దామెకు చెంచాతో సూపు తాగిస్తోంది. మేనేజరమ్మ ఆఫీసు గదిలోంచి బయటికి రావడమే ఆలస్యం, నాయన ముందుకు ఉరికి ఆమె భుజాల మీద శాలువా కప్పేశాడు. ఆమె ఉలిక్కిపడింది. ఏదో సంబరం అనుకొని ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు, ఇంకో ఇద్దరు కలిశారు. నాయన ఆమె చేతిలో నిమ్మకాయ పెట్టి, చీర రెండు చేతులతో అందించాడు. ఆమె నిమ్మకాయ వైపు, నా వైపు చూసింది. హాలు చివర అమ్మ చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"చెప్పు పాపా" అన్నాడు నాయన. "మేడమ్, మా ఆడమనిషి ఉద్యోగం మీ చేతిలో ఉండాది. మంగళవారం మీటింగులో పర్మినెంటు చేసేయండి. ఈ చీర మీకే. ఇంగా ఏమన్నా కావాలన్నా మేం చూసుకుంటాం."

ఇది మా ఊరి మర్యాద, మా అమ్మను బాగా చూసుకుంటున్నందుకు మా నాయన కృతజ్ఞత చెబుతున్నాడు అని నేను అనగలిగేదాన్ని. ఆ వాక్యం నా నోటి దాకా వచ్చింది. ఆమె నవ్వేది, చీర మెచ్చుకొని వాపసు ఇచ్చేది, అంతటితో అయిపోయేది. నేను అలా అనలేదు. నాయన అన్నది అన్నట్లు, ఒక్క ముక్క మింగకుండా, తీరిగ్గా ఇంగ్లీషులో చెప్పాను. మంగళవారం మీటింగు మాట చెప్పాను. ఇంకా ఏమైనా కావాలన్నా అన్న మాట కూడా చెప్పాను. ఈ మనిషి ఏమిటో ఒక్కసారైనా ఎవరో ఒకరు ఆయన ఎదుటే చూడాలని నా కోరిక. అమ్మ సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తుకు రాలేదు.

మేనేజరమ్మ మొహం మారిపోయింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. మర్యాదగానే మమ్మల్ని గుమ్మం దాకా పంపించింది. బస్సులో నాయన తొడ చరుచుకొని, "చూస్తివా? చీర లోపల పెట్టుకునింది!" అన్నాడు.

పెట్టుకోలేదు. మంగళవారం మీటింగు అయి వస్తూ అమ్మ కాగితం సంచిలో చీర, శాలువా, నిమ్మకాయ కూడా తెచ్చింది. ఒక కవరు కూడా తెచ్చింది. పెద్ద ఆఫీసుకు రిపోర్టు పోయిందట, సంజాయిషీ రాయాలట, ప్రొబేషను ఇంకో మూడు నెలలు పొడిగించారట. నాయన "పెట్టింది తక్కువైనాదేమో, ఇంకో చీర ఉంటే..." అన్నాడు. నేను లేచి ఆయన మీద అరిచాను. అంతా నువ్వే చేసినావు, నీవల్లే అమ్మ బతుకు బజారున పడింది, అని నోటికొచ్చినట్లు అన్నాను. అమ్మ నా వైపు ఒకసారి చూసి, కవరు మడిచి తన సంచిలో పెట్టుకుంది.

అంతవరకు ఆమె ఏ చిన్న ఈమెయిలు రాసినా నాకు చూపించి దిద్దించుకునేది. ఆ సంజాయిషీ మాత్రం వంటగది బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకొని మూడు రోజులు రాసుకుంది. దిద్దుతాను ఇమ్మంటే, "వద్దులే పాపా" అంది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఏదీ దిద్దమని నాకు ఇవ్వలేదు. తనంతట తాను నేర్చుకుంది అనుకున్నాను. మూడు నెలల తర్వాత ఉద్యోగం నిలబడింది. ఆ రోజు చీర కట్టుకోలేదు.

ఎనిమిదేళ్ళుగా ఆ కథ నేను నా స్నేహితులకు ఎన్నిసార్లు చెప్పానో. నిమ్మకాయ దగ్గర అందరూ నవ్వుతారు. నేను ఏ మాటలు అనువాదం చేశానో ఎక్కడా చెప్పలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడి కూతురిని కదా.

ఇక ఆ గృహప్రవేశం రోజు. నాయన కథ ముగించి మీసం దువ్వుతున్నాడు. అమ్మ వడ్డన బకెట్టుతో అటుగా వచ్చింది. ఆమె ఒంటి మీద వంకాయ రంగు చీర, చిలకపచ్చ అంచు. ఎనిమిదేళ్ళకు మడత విప్పింది. మడత గీతలు ఇంకా తెల్లగా కనిపిస్తున్నాయి. ఒకామె అంచు పట్టుకొని చూసి, "ఏమక్కా, యాడ తీసుకున్న్యావు?" అంది.

"ఈయప్ప మేనేజరమ్మకు పెట్టినాడే, అదే చీర" అంది అమ్మ, అందరికీ వినిపించేటట్లు. "ఆమె వాపసు ఇచ్చింది."

షామియానా కింద అందరూ పడీపడీ నవ్వారు. నాయన ఏమాత్రం చలించకుండా, "వాపసు ఇచ్చినా మనసులో పెట్టుకునింది గదప్పా" అన్నాడు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఊరంతా ఆయనను చూసి నవ్వుతుంటే నాకు ఎన్నాళ్ళకో కడుపు నిండింది.

మధ్యాహ్నం లోపలి గదిలో అమ్మ చీర మార్చుకుంది. మడత పెట్టడానికి రెండో కొస నేను పట్టుకున్నాను. "బాగా గడ్డి పెట్టినావమ్మా నాయనకు" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

అమ్మ నవ్వలేదు. అంచుకు అంచు కలుపుతూ, "మీ నాయనకు ఇంగ్లీషు రాదు పాపా" అంది.

నాకు వెంటనే ఎక్కలేదు. ఆమె చీర మడుస్తూనే చెప్పింది. "ఆ పొద్దు నేను తెచ్చిన కవర్లో నువ్వు చెప్పిన మాటలన్నీ రాసి పెట్టింది మేనేజరమ్మ. మంగళవారం మీటింగని, ఇంగా ఏం కావాలన్నా అని. ఒకటి కూడా వదల్లేదు నువ్వు. మూడు నెలలు నాకు కన్ను మూతపడలేదు. నువ్వేమో మీ నాయన మీద అరుస్తాంటివి. నేను వింటాంటి."

నా చేతిలో కొస జారింది. అమ్మ వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, మిగిలిన మడతలు తానే పెట్టుకుంది.