నాకు జ్వరం తగ్గినందుకు

పక్క ఫ్లాటులో ఎవరో పప్పుకు వెల్లుల్లి పోపు పెట్టారు. ఎండుమిర్చి ఘాటుకు దగ్గొచ్చింది. కిటికీ మూయబోయి అలాగే నిలబడిపోయాను. రాజయ్య సారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు ముందు ప్రేమ రాదు, సిగ్గొస్తుంది.

మెదక్‌లో మా ఇంటి ముందుగదిలో ఆయన కిరాయికి ఉండేవారు. పాపన్నపేట దిక్కు మనిషి, ఒంటరి. మా బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేది ఆయనే. గది అడగడానికి వచ్చిన రోజు మా నాయన, "గుడికి పోతరా సారూ, చర్చికి పోతరా? ఏదైనా మాకు ఫికర్ లేదు," అన్నాడు. "యాడికీ పోనన్నా. నాకు దేవుడు లేడు," అన్నారు సారు. మా ఊళ్లో ఏ దేవుడికైనా చోటుంది. ఏ దేవుడూ లేని మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియదు. చివరికి, పిల్లకు లెక్కలు వస్తాయన్న ఆశే నాయనను ఒప్పించింది.

ఆయన నాకెప్పుడూ నాస్తికత్వం బోధించలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "దేవుడు నిజంగ లేడా సారూ?" అని అడిగాను. "నాకైతే కనవడలే బిడ్డా. నీకు కనవడితే చెప్పు, ఇద్దరం పోయి కలుద్దం," అన్నారు. లెక్క తప్పినా అంతే. "ఇది ఎట్లొచ్చిందో జర చూపియ్యి," అనేవారు. దేన్నైనా అలా అడగవచ్చని నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

పరీక్షలు దగ్గరపడ్డాక నాకు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. అమ్మవారు ఉన్న ఇంట్లో పోపు పెట్టకూడదు, తల్లికి కోపమొస్తుంది. నమ్మకం లేని మనిషి వింటాడో లేదోనని అమ్మ భయపడుతూనే వెళ్లి, "పిల్లకు తగ్గేదాంక పోపు పెట్టకుండ్రి సారూ," అంది. "సరే వదినె," అన్నారాయన. ఆ రోజు నుంచి ఉడికించిన పప్పులో ఉప్పేసుకుని తిన్నారు. మహా భక్తుడైన మా చిన్నాయన మాత్రం బజార్లో మిర్చిబజ్జీలు తిని మూతి తుడుచుకుని వచ్చేవాడు.

అయినా జ్వరం ముదిరింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి, "దేవుడు లేడన్నోన్ని ఇంట్ల పెట్టుకుంటే తల్లి చల్లవడ్తదా?" అంది. నాయన వెళ్లి గది ఖాళీ చేయమన్నాడు.

"పిల్ల లేచి కూసునేదాంక ఉంటనన్నా. దవాఖానకు తీస్కపోవాల్నంటే తోడుంట," అన్న మాట మంచంలో ఉన్న నాకు వినిపించింది.

"వద్దు సారూ. నా బిడ్డ," అన్నాడు నాయన.

ఆయన వెళ్లి సామాను సర్దుకున్నారు. పెట్టె పట్టుకుని, లోపలికి అడుగుపెట్టకుండా వేపమండల అవతలే నిలబడి, "పోయొస్త బిడ్డా, భయపడకు," అన్నారు.

మర్నాడు జ్వరం దిగింది. దిగాల్సిన సమయానికే దిగింది. కానీ అమ్మ వాడకట్టంతా తిరిగి చెప్పింది: "ఆయన గడప దాటిండు, తల్లి చల్లవడ్డది." ఆ తర్వాత ఊళ్లో ఆయనకు గది ఇచ్చినవాళ్లు లేరు. రామాయంపేటలో ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయేవారు. నేను కోలుకోవడమే ఆయన మీద సాక్ష్యమైంది.

పెద్దయ్యాక నేనూ నమ్మడం మానేశాను. దానివల్ల ఈ సిగ్గు పెరిగిందే గానీ తగ్గలేదు. తిరిగి బడికి వెళ్లిన మొదటి రోజు సారు నన్ను చూసి కుర్చీలోంచి లేచి వచ్చారు. "మంచిగైనవా బిడ్డా?" అని అడిగారు. ఆ ముఖంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. నేను తల దించుకుని, అవునన్నట్టు ఊపాను. ఇప్పటికీ ఎవరైనా ఒంట్లో బాగుందా అని అడిగితే, బాగుందని తల దించుకునే చెబుతాను.