నీళ్ళు నిలిచే నేల

మా నాయనకు నీళ్ళంటే పిచ్చి. ఉదయగిరి పక్కన మెట్టపల్లెలో పుట్టి, మోట తోలడంలోనే సగం జీవితం అరగదీసుకున్న మనిషికి ఆ పిచ్చి ఉండడం తప్పని అనను. కానీ ఆ పిచ్చితో మా అమ్మ నిమ్మతోటను ముంచేశాడు. అది తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల చివర్లో మా బావికి కరెంటు మోటారు వచ్చింది. అమ్మ తన మేకలన్నిటినీ ఆత్మకూరు తోలుకెళ్ళి అమ్మేసి నిమ్మ మొక్కలు తెచ్చింది. మేకల వెంట తిరిగి తిరిగి ఆమె మోకాళ్ళు పోయాయి. ఇకమీదట తోట నీడన కూర్చుని బతకాలని ఆమె ఆశ.

నాటే ముందు అమ్మ చేలో ఒక గుంట తీయించింది. పైన మోకాటి లోతు ఎర్రమట్టి బాగానే ఉంది. దాని కింద తెల్లటి సున్నపురాతి పొర. గడ్డపార వేస్తే ఠంగుమంది. మొక్కలమ్మిన ఆయన చెప్పినట్టు గుంటలో కడివెడు నీళ్ళు పోసి గడ్డికి వెళ్ళొచ్చింది. పొద్దు వాలినా నీళ్ళు అలాగే ఉన్నాయి.

“ఇట్లయితే లాభం లేదయ్యా. నీళ్ళు కిందికి దిగితేనే నిమ్మ బతికేది. ఈ పొరన్నా పగలగొట్టించాల, మట్టి ఎత్తుగా పోసన్నా నాటాల” అంది అమ్మ.

నాయన గుంట అంచున గొంతుక్కూర్చుని లోపలికి చూస్తూ మురిసిపోయాడు. “పోసింది పోసినట్టే ఉండాదే! నీళ్ళు నిలిచే నేల ఈ చుట్టుపక్కల ఎవడికుండాది? దీన్ని పగలగొడతావా?”

ఇంకేం చెప్తాం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఉన్న నేలలో ఉన్నట్టే నాటించేశాడు. కరెంటు వచ్చిందంటే అన్నం ముందు నుంచైనా లేచి పరిగెత్తేవాడు. పాదులన్నీ బురదగుంటలయ్యాయి. ఆకులు పసుప్పచ్చగా తిరిగితే, దాహమేసిందని ఇంకా పెట్టాడు. నేను బడి నుంచి వచ్చి కాలువకు అడ్డంగా మట్టి వేస్తే, వెనకాలే వచ్చి తీసేసేవాడు. విసుగెత్తి అమ్మ మోటారు ఫ్యూజు పీకి కొంగున కట్టుకుంటే, ఆ పూట కడవతో మోశాడు మహానుభావుడు!

“ఎండిపోతుండాయి కదే!” అన్నాడు పైగా.

“ఎండడం కాదయ్యా, కుళ్ళుతుండాయి!” అని అమ్మ ఒక మొక్కను పీకి ఆయన ముఖం ముందు పెట్టింది. వేళ్ళు నల్లబడి కంపు కొట్టాయి.

“ఆయనెవడో మంచి మొక్కలు ఇయ్యలేదులే” అన్నాడు నాయన.

తోట పోయింది. ఒక్క చెట్టు మిగిలింది. నాటగా మిగిలిన మొక్కను అమ్మ పాత పెంటదిబ్బ మీద, కాలువ ఎక్కని చోట ఊరికే గుచ్చి వదిలేసింది. అది ఏపుగా పెరిగి ఎనభైల్లో విరగకాసింది. అప్పటికి అమ్మ ఊళ్ళోవాళ్ళ మేకల్ని, పుట్టే పిల్లల్లో వాటా వచ్చేలా, పాలుకు తీసుకుని మళ్ళీ కాస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆ చెట్టు కింద నాయన నిమ్మకాయ పిండిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని పైకి చూశాడు. “నీళ్ళు పెట్టకుండానే ఇంత కాసింది. ఆ పొద్దే దీనికి గూడా కాలువ తీసుంటే ఎంత కాసుండునో!”

అమ్మ కర్ర ఊతం చేసుకుని లేచి, మోకాలు ఒత్తుకుంటూ మేకల్ని అదిలించింది.