ఆదివారం పొగ

మా అత్తగారింట్లో ఆదివారం పొయ్యి వెలిగేది కాదు. పెళ్ళయి చేగుంట నుంచి మెదక్ వచ్చిన కొత్తలో నాకది మింగుడు పడలేదు. పుట్టింట్లో మేమూ చర్చికి పోయేవాళ్ళమే. ఇంటికొచ్చి వేడివేడిగా వండుకుని తినేవాళ్ళం, దేవుడు ఏమీ అనుకున్నట్టు లేదు. ఇక్కడ మాత్రం శనివారం పొద్దుగూకేలోపే అన్నం వండాలి, జొన్నరొట్టెలు కాల్చాలి, పొయ్యిలో బూడిద ఎత్తి పేడతో అలికేయాలి. ఆదివారం చల్లటి అన్నంలోకి పచ్చిపులుసు. దానికి నిప్పుతో పని లేదు కదా, అందుకని పచ్చిపులుసు మా ఇంట్లో భక్తిగల కూర అయి కూర్చుంది.

మా మామ ఉపదేశి. చర్చి తరఫున చుట్టుపక్కల వాడల్లో పిల్లలకు అక్షరాలూ, దేవుని పది ఆజ్ఞలూ నేర్పేవాడు. ఊరంతా పంతులు అని పిలిచేది. ఆయనకు ఆజ్ఞ అంటే ఆజ్ఞే, అందులో సందులు వెతకడం ఉండదు. విశ్రాంతి దినాన పని వద్దన్నాక నిప్పు రాజేయడమూ పనే. అబద్ధం వద్దన్నాక, వాకిట్లో ఎవరో పిలిస్తే ‘ఇంట్లో లేడని చెప్పు’ అనడమూ అబద్ధమే. నేను కొంచెం నోరుగలదాన్ని. ఒక ఆదివారం విసుగొచ్చి, “దేవునికి మన కూరగిన్నెలు చూసుకుంట కూసునుడే పనా మామా” అన్నాను. అత్త నావైపు ఉరిమి చూసింది గాని మామ కోపం చేయలేదు.

“మరి ఆయన చూస్తలేడని ఏ పూట అనుకోవాలె బిడ్డా? నువ్వే చెప్పు” అన్నాడు. నేను పచ్చిపులుసు కలుపుకుని తిన్నాను.

గల్లీ మొత్తానికి మా పొయ్యి సంగతి తెలుసు. ఎదురింటి ముసలమ్మ పొద్దున్నే మా పెంకులవైపు చూసి, “పంతులింట్ల పొగ లేదు, ఇయ్యాల ఆయితారమేనే” అని కోడలికి చెప్పేది. మేమూ నవ్వుకునేవాళ్ళం.

ఆ నవ్వులన్నీ రజాకార్ల కాలంలో అడుగంటాయి. ఆ ఏడు ఎండాకాలంలో ఒక పగలు, సర్కారుకు లెవీ ధాన్యం ఇవ్వనని ఎదురు తిరిగిన టేక్మాల్ రైతు ఒకతను మా పెరట్లోకి వచ్చిపడ్డాడు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. అత్త నీళ్ళిచ్చింది. అతను చెంబు దించకముందే తుపాకులవాళ్ళు వాకిట్లోకి వచ్చారు. “ఎవరన్నా వచ్చిండా పంతులూ” అని అడిగారు. మామ పెదవులు రెండుసార్లు కదిలాయి. “వచ్చిండు. పెరట్ల ఉన్నడు” అన్నాడు.

అతన్ని జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. మళ్ళీ టేక్మాల్ చేరలేదని తర్వాత విన్నాం. ఆ తర్వాత మామ ప్రార్థనకు మోకరిస్తే లేచేవాడు కాదు. నాకు ఆ రోజునుంచి తుపాకులంటే ఎంత భయమో, మా మామ నోరన్నా అంతే భయం. చెప్పుకుంటే తప్పుగా ఉంటుంది గాని, అది నిజం.

తర్వాత వానాకాలం చివర్లో మిలిటరీ వచ్చింది. పోలీసు చర్య అని పుస్తకాల్లో రాశారు గాని మా గల్లీలో ఎవరూ ఆ మాట అనలేదు, యూనియన్ మిలిటరీ అన్నారు. రజాకార్లు ఎటు పోయారో పోయారు. పీడ వదిలిందని అందరమూ ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఊపిరి వదలకముందే గొడ్డళ్ళూ కర్రలూ పట్టుకుని ఇంకో గుంపు బయలుదేరింది. వాళ్ళు వెతికేది రజాకార్లనే అన్నారు. కాని దొరికిన ముసల్మానుల్లో రజాకారు ఎవడో, కూలీనాలీ ఎవడో, అడిగే ఓపిక ఎవరికీ ఉన్నట్టు కనపడలేదు.

మా పెరటి గోడకు ఆనుకునే లక్కగాజులు చేసే సాయబు ఇల్లు. ఆయన గాజులు అమ్ముకురావడానికి రేగోడ్ వైపు పోయి, రోడ్లు బందై ఇంకా తిరిగి రాలేదు. ఆయన పెళ్ళాంది నా ఈడే, ఒక నెల పెద్దదేమో. అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు నా చేతులకు గాజులు వేసి, పైసలిస్తే పుచ్చుకోలేదు. చంకలో పాలు తాగే ఆడపిల్ల. నా పెనిమిటి సికింద్రాబాదులో కొలువు చేస్తూ అక్కడే చిక్కుకుపోయాడు కనుక, ఆపా భయమేమిటో నాకు సగమైనా తెలుసు.

శనివారం దీపాలవేళ ఆపా పెరటి గోడ దూకి వచ్చింది. చీర మోకాలి దగ్గర చిరిగింది. “జర దాచిపెట్టు చెల్లే, గల్లీ మొగదాల దాకా వచ్చిండ్రు” అంది. అంతే అంది. అత్తా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. పెరట్లో పిడకలు పెట్టుకునే చిన్న కొట్టం ఉండేది. తల్లీ పిల్లనూ అందులో కూర్చోబెట్టి, ముందు పిడకలు మనిషెత్తు పేర్చాం.

లోపలికొచ్చేసరికి మామ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, పెరటివైపు వీపు పెట్టి. “ఎవరొచ్చిండ్రో నేనడగ. మీరు చెప్పకుండ్రి. నేను గా దిక్కు రాను” అన్నాడు.  చూడకపోతే చూడలేదని చెప్పొచ్చు, అది అబద్ధం కాదు. అన్నేళ్ళలో ఆజ్ఞకు సందు వెతకడం నేను అదే మొదటిసారి చూశాను. కాని ‘చూశావా’ అని కాక ‘ఉన్నారా’ అని అడిగితే ఏం చెబుతాడు? 

ఆదివారం చర్చికి ఎవరూ పోలేదు. పొద్దెక్కేసరికి ఆపాకు ఒళ్ళు కాలిపోతోంది. భయానికో జ్వరానికో పాలు ఎండిపోయాయి. పిల్ల మొదట ఏడ్చింది. తర్వాత ఏడుపు సన్నగిల్లి, పిల్లికూన మూలిగినట్టు మూలగడం మొదలుపెట్టింది. ఏడిస్తే ఎవరైనా వింటారని భయం, ఏడవకపోతే అంతకంటే భయం. ఇంట్లో చల్లటి అన్నమూ, పచ్చిపులుసూ. ఆకలిగొన్న పసిగుడ్డుకు ఏది పెట్టమంటారు? మేకపాలు గ్లాసెడు ఉన్నాయి, పచ్చివి. మరగకాచి ఇవ్వాలి.

నేను అడగలేదు. అడిగితే కాదంటారని కాదు, అడగడానికి నాకు వ్యవధి లేదు. అలికిన పొయ్యిలో రెండు పిడకలు విరిచిపెట్టి నిప్పు రాజేశాను. వానకు చెమ్మగిల్లిన పిడకలు. మంట రాలేదు గాని పొగ మాత్రం వంటిల్లంతా కమ్మేసింది. అత్త పరుగున వచ్చింది. “ఏం చేసినవే పిల్లా” అంది. పాపమని తిడుతుందనుకున్నాను. “అత్తమ్మా, దేవుడు నన్నే అడగనీ” అన్నాను.

“దేవుడు కాదే. గల్లీ” అంది.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. మా పెంకుల మీద ఆదివారం పొగ. ఇన్నేళ్ళూ మా భక్తిని ఊరంతా చూసేలా బతికాం, ఇప్పుడు అదే మా మీద సాక్ష్యం చెప్పబోతోంది. కంగారులో చెంబెడు నీళ్ళు తీసుకుని పొయ్యిలో గుమ్మరించాను. బుస్సుమని ఇంకా తెల్లటి పొగ లేచింది. ఎదురింటి ముసలమ్మ గొంతు వినపడింది, మామూలుగానే అంది పాపం, “పంతులింట్ల పొయ్యి రాజేసిండ్రేమే, ఇయ్యాల ఆయితారం గాదా” అని.

ఎంతోసేపు పట్టలేదు. నలుగురు వచ్చారు. ముందున్నవాడు మాకు తెలిసినవాడే, వాడి పిల్లలు మామ దగ్గరే అక్షరాలు దిద్దుకున్నారు. భుజాన గొడ్డలి ఉంది. మర్యాదగానే వాకిట్లో చెప్పులు విడిచాడు. ఆ చెప్పులు విడవడం చూసి తలుపు చాటుకు తప్పుకున్నాను. కొట్టడానికి వచ్చినవాడైతే ఇంకొంచెం ధైర్యంగా ఉండేదాన్నేమో.

“పంతులూ, ఇయ్యాల మీ ఇంట్ల పొగ ఎందుకొచ్చింది?” అన్నాడు.

“నాకు జరమొచ్చింది. కషాయం కాచుకున్న” అన్నాను నేను తలుపు చాటునుంచి. దేవుడి దయవల్ల నేను నిజంగానే గజగజ వణుకుతున్నాను.

“నువ్వు ఊకో బిడ్డా” అన్నాడు వాడు. “పంతులు చెప్పాలె. ఆయన అబద్ధమాడడు. టేక్మాలాయన సంగతి ఊరందరికీ ఎర్కనే. పంతులూ, మీ ఇంట్ల ఎవరన్నా ఉన్నరా?”

అదే ప్రశ్న. చూశావా అని కాదు, ఉన్నారా అని. నేను మామవైపు చూడలేకపోయాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పిడకల కొట్టంవైపునుంచి పిల్ల ఎప్పుడు మూలుగుతుందో తెలియదు, మామ నోట్లోంచి ఏ మాట ఊడిపడుతుందో తెలియదు. దేవుడా, ఈయన్ని మూగవాణ్ణి చెయ్యి అని మొక్కుకున్నాను. అలాంటి మొక్కు ఎవరన్నా మొక్కుతారా? నేను మొక్కాను.

మామ పెదవులు రెండుసార్లు కదిలాయి, ఎండాకాలంలో కదిలినట్టే.

“పొయ్యి రాజెయ్యమన్నది నేనే” అన్నాడు. “ముసలి పానం, సల్లటి బువ్వ తింటలేదు. ఇంట్ల మేం ముగ్గురమే. ఎవ్వరు లేరు.” వాకిలి వదిలి పక్కకు జరిగాడు. “నమ్మకుంటే లోపటికొచ్చి చూసుకోండ్రి.”

లోపలికి రమ్మన్నాడు. వస్తే పిడకలు రెండు పక్కకు తోస్తే చాలు. వాడు లోపలికి ఒకసారి చూశాడు, మామ ముఖంలోకి చూశాడు. “నువ్వు చెప్పినంక చూసేదేమున్నది పంతులూ” అన్నాడు. చెప్పులు వేసుకున్నాడు. నలుగురూ పక్క ఇంటికి పోయారు, గాజులవాళ్ళింటికి. తలుపు పగలగొట్టిన చప్పుడు మా ముగ్గురికీ వినపడింది.

మామ గడప మీద కూలబడ్డాడు.  ఆయన ఏడుస్తాడనుకున్నాను. ప్రార్థన చేస్తాడనుకున్నాను. ఆయన లేచి వంటింట్లోకి పోయి, తడిసిన పిడకలు తీసేసి, మూలనున్న ఎండు పుల్లలు పెట్టి, ఊదుగొట్టం తీసుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. నా పెళ్ళయినప్పటినుంచి ఆయన పొయ్యి ముట్టడం నేను చూడలేదు.

“గా పసిదానికి పాలెన్ని ఉన్నయి బిడ్డా?” అన్నాడు. ఎవరొచ్చారో నేనడగనన్న మనిషి. పొద్దటినుంచీ ఆ ఏడుపు విన్నట్టున్నాడు.

ఆపా మా ఇంట్లో ఆపై ఆదివారం దాకా ఉంది. ఆ ఆదివారం కూడా మామ నన్ను పొయ్యి రాజేయమన్నాడు. ఒక్క వారమే పొగ వచ్చి ఆగిపోతే అనుమానం వస్తుందన్నాడు. పరిస్థితులు కొంచెం సద్దుమణిగాక ఆపా వాళ్ళ అన్న వచ్చి తల్లీ పిల్లనూ హైదరాబాదు తీసుకుపోయాడు. గాజులాయన సంగతి మాకు ఎప్పటికీ తెలియలేదు.

వాళ్ళు వెళ్ళిన వారం, శనివారం సాయంత్రం నేను పాత అలవాటు ప్రకారం పొయ్యి అలుకుతున్నాను. నిజం చెప్పాలంటే మనసు తేలికపడింది. ఆయనకు ఆయన ఆదివారం తిరిగి ఇచ్చేస్తున్నట్టు అనిపించింది. మామ చూసి ఆపేశాడు. “రేపు గూడ రాజెయ్యి” అన్నాడు.

“ఇగ ఎవ్వరు లేరు గదా మామా” అన్నాను.

ఆయన పెరట్లోకి చూశాడు. ఆ టేక్మాలాయన చెంబు పట్టుకుని నిలబడ్డ చోటది.

“మల్ల ఎవరన్న వస్తే?” అన్నాడు.

ఆయన బతికినన్నాళ్ళూ మా ఇంట్లో ఆదివారం పొయ్యి వెలిగింది. ఆయన మాత్రం ఆ రోజు చల్లటి అన్నమే తినేవాడు, పచ్చిపులుసుతో.